కొత్త సముద్రపు చేప జబ్బుపడితే: కాపర్ వెయ్యాలా, ట్యాంకు మార్చాలా, ఉప్పు తగ్గించాలా?

కర్నూలుకు హైదరాబాద్ నుంచి, అనంతపురానికి బెంగళూరు నుంచి, కడపకు చెన్నై నుంచి. మన మూడు ఊళ్లకూ ఉప్పునీటి చేప వచ్చే దారులు దాదాపు ఇవే. ఏ దారి చూసినా 200 కిలోమీటర్లకు తక్కువ లేదు. అంతకుముందే ఆ చేప ఏ ఇండోనేషియాలోనో శ్రీలంకలోనో వలలో పడి, విమానమెక్కి, హోల్‌సేల్ ట్యాంకులో కొన్నాళ్లు, షాపు ట్యాంకులో కొన్నాళ్లు గడిపి ఉంటుంది. ఇంటికొచ్చిన వారం లోపే ఒంటిమీద తెల్ల చుక్కలు లేస్తాయి, లేదంటే మేత ముట్టకుండా మూలన నిలబడి ఆయాసపడుతుంది. మనకు టెన్షన్ మొదలవుతుంది. ఫోన్ చేస్తే షాపు ఆయన ఒక మందు చెప్తాడు, ట్యాంకులు పెంచే పాత స్నేహితుడు ఇంకోటి చెప్తాడు, వాట్సాప్ గ్రూపు మూడోది చెప్తుంది.

ముగ్గురూ సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. కానీ చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం), పెద్ద ఆర్.ఓ. ప్లాంటు ఉన్నవాళ్లకు కుదిరిన పద్ధతి, మే నెలలో క్యాన్ నీళ్ల మీద ట్యాంకు నడిపే మనకు కుదరాలని లేదు. అందుకే మందు ఎంచుకునే ముందు రెండే ప్రశ్నలు వేసుకోమంటాను. చేప ఎంత వేగంగా దిగజారుతోంది? నెల రోజులపాటు మన ఇంట్లో దేన్ని నిలకడగా ఉంచగలం? జబ్బు పేరు పక్కాగా తేలకపోయినా, ఈ రెండిటికీ జవాబు దొరికితే సగం పైగా నిర్ణయం అయిపోయినట్టే.

ప్రయాణపు అలసటా, జబ్బా?

మూసిన కవర్లో చేప వదిలే అమ్మోనియా పోగవుతూ ఉంటుంది. అదే కవర్లో కార్బన్ డయాక్సైడ్ కూడా పెరిగి పీహెచ్ పడిపోతుంది కాబట్టి ప్రయాణంలో ఆ అమ్మోనియా పెద్దగా హాని చేయదు. కవరు విప్పగానే ఆ గ్యాసు బయటికి పోతుంది, పీహెచ్ పెరుగుతుంది, అప్పటిదాకా ఊరుకున్న అమ్మోనియా విషమవుతుంది. అందుకే ఐదారు గంటలు ప్రయాణం చేసిన చేపకు, కవరు విప్పి గంటసేపు చుక్కచుక్కగా నీళ్లు కలిపే అలవాటు మంచిది కాదు. మూసిన కవరునే ట్యాంకులో తేలేసి వేడి సమం చేయండి. విప్పాక ఆలస్యం చేయకుండా చేపను మాత్రం మార్చి, కవరు నీళ్లు పారబోయండి.

ఇది కుదరాలంటే రెండుచోట్లా ఉప్పు ఒకేలా ఉండాలి. చాలా షాపులు ట్యాంకుల్ని స్పెసిఫిక్ గ్రావిటీ (నీటిలో ఉప్పు ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె) 1.018, 1.020 దగ్గర నడుపుతాయి. ఉప్పు ఖర్చు కలిసొస్తుంది, పురుగులు కూడా కొంత అదుపులో ఉంటాయి. మన ట్యాంకు 1.025 దగ్గర ఉంటుంది. తక్కువ ఉప్పులోంచి ఎక్కువ ఉప్పులోకి ఒక్కసారిగా రావడం చేపకు కష్టం. ఎక్కువలోంచి తక్కువలోకి రావడం అంత కష్టం కాదు. కాబట్టి బయల్దేరే ముందే షాపు వాళ్లను వాళ్ల రీడింగ్ ఎంతో అడిగి, హాస్పిటల్ ట్యాంకును (కొత్త చేపను, జబ్బు చేపను విడిగా ఉంచే ట్యాంకు) ఆ అంకె దగ్గరే కలిపి ఉంచండి. చేప కుదుటపడ్డాక కొన్ని రోజుల మీద పెంచుకోవచ్చు. ఇంకో మాట కూడా అడగండి: ట్యాంకులో కాపర్ (పురుగుల్ని చంపే రాగి మందు) నడుస్తోందా? కొన్నిచోట్ల తక్కువ మోతాదులో ఎప్పుడూ వేసే ఉంచుతారు. అక్కడ అణిగి ఉన్న జబ్బు మన ఇంట్లో మామూలు నీళ్లలోకి రాగానే బయటపడుతుంది.

ఎండ మరో కారణం. 25 డిగ్రీల దగ్గర మంచినీటిలో లీటరుకు సుమారు 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, సముద్రమంత ఉప్పున్న నీటిలో 6.7 మాత్రమే కరుగుతుంది. 30 డిగ్రీలకు అది 6.2కు దిగుతుంది. ఏప్రిల్, మేలలో గదిలో నీళ్లు 31, 32కు చేరితే ఏ జబ్బూ లేని చేప కూడా రొప్పుతుంది. ముందు థర్మామీటరు చూడండి, అమ్మోనియా టెస్టు చేయండి, గాలి బుడగలు వదిలే ఎయిర్ స్టోన్ ఇంకోటి వేయండి. రెండు మూడు గంటల్లో ఊపిరి తేలికపడితే అది జబ్బు కాదు.

భయపెట్టేవి ఇంకొన్ని ఉన్నాయి. క్లౌన్ ఫిష్ రాత్రిపూట పక్కకు ఒరిగి నిద్రపోతుంది. చాలా రాస్ చేపలు ఇసుకలోకి దూరి రోజంతా కనిపించవు. కొత్తచోట భయానికి రంగు వెలిసిపోయిన చేప మర్నాటికి మామూలు రంగులోకి వస్తుంది. వీటికి మందు వేస్తే చేజేతులా కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే.

మచ్చల కంటే ముందు ఊపిరి చూడాలి

చేపను చూడగానే మన కళ్లు చుక్కల మీదికే పోతాయి. కానీ ప్రాణం తీసే జబ్బుల్లో ముందు దెబ్బ తినేది మొప్పలు. చుక్క ఒక్కటీ కనబడకుండానే వెల్వెట్ అనే జబ్బు చేపను చంపేయగలదు. కాబట్టి ట్యాంకు ఎదురుగా కూర్చుని, లైటు తీసేసి, అదే జాతి ఆరోగ్యమైన చేపతో పోల్చి మొప్పల కదలిక ఎంత వేగంగా ఉందో చూడండి. ఒకే పక్క మొప్ప కదులుతోందా, నోరు తెరుచుకునే ఉందా, పవర్ హెడ్ (ట్యాంకులో నీళ్లు తిప్పే చిన్న పంపు) వదిలే నీటి ధారలోకి మొహం పెట్టి నిలబడుతోందా? ఇవి గమనించాకే ఒంటిని చూడండి.

మెరైన్ ఇక్, మెరైన్ వెల్వెట్. ఈ రెండు జబ్బులనూ విడదీయడమే అసలు పని, ఎందుకంటే ఒకదానికి రోజుల సమయం ఉంటుంది, ఇంకోదానికి గంటలే. ఇక్ చుక్కలు ఉప్పు రవ్వంత ఉంటాయి, ఓపికుంటే లెక్కపెట్టొచ్చు. రెక్కల మీద ముందు కనబడతాయి. చేప రాళ్లకు, ఇసుకకు ఒళ్లు రుద్దుకుంటుంది, కానీ చాలాసార్లు మేత తింటూనే ఉంటుంది. మూడు నాలుగు రోజులకు చుక్కలు మాయమవుతాయి. హమ్మయ్య అనుకుంటాం. కొన్నాళ్లకు అంతకు రెట్టింపు వస్తాయి. దీనికి కారణమైన క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ చేప ఒంటిమీద మూడు నుంచి ఏడు రోజులే ఉంటుంది. తర్వాత రాలి, ట్యాంకు అడుగున గట్టి తిత్తిలా మారి, లోపల వందల పిల్లల్ని తయారుచేసి వదులుతుంది. చుక్కలు పోయినంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదు.

వెల్వెట్ చుక్కలు లెక్కకు అందవు. సన్నటి పొడి చల్లినట్టు, కొన్నిసార్లు కొంచెం బంగారు రంగు తిరిగి ఉంటుంది. ఎదురుగా చూస్తే కనబడదు, పక్కనుంచి టార్చి వేసి ఏటవాలుగా చూడాలి. చేప మేత మానేస్తుంది, వెలుతురంటే తప్పుకుంటుంది, ధారలోకి వెళ్లి నిలబడుతుంది. అమైలూడినియం ఒసెల్లాటం అనే ఈ జీవి మొప్పల్లోనే ఎక్కువగా పాతుకుంటుంది. పొద్దున బాగున్న చేప మర్నాటికి పోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇక్కా, వెల్వెట్టా అని తేల్చుకోలేకపోతే వెల్వెట్ అనుకునే నడవండి. ఇక్‌కు వెల్వెట్ వైద్యం చేస్తే నష్టం లేదు. వెల్వెట్‌కు ఇక్ వైద్యం చేస్తే చేప మిగలదు.

కొత్త క్లౌన్ ఫిష్ ఒంటిమీద చుక్కల బదులు తెల్లటి చీమిడిలాంటి పొర కట్టి, తోలు ఊడినట్టు వేలాడుతుంటే అది బ్రూక్లినెల్లా. ఇదీ గంటల్లో ముదిరే జబ్బే, పైగా కాపర్‌కు లొంగదు. సముద్రంలోంచి పట్టి తెచ్చిన క్లౌన్ ఫిష్‌లోనే ఎక్కువగా చూస్తాం. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ ఫిష్‌ను హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో తయారుచేసింది. హేచరీ పిల్ల దొరుకుతుంటే నాలుగు డబ్బులు ఎక్కువైనా అదే కొనమంటాను. ఈ వ్యాసంలోని సగం తలనొప్పి అక్కడే తప్పుతుంది.

కళ్లు మసకబారి, తల విదిలిస్తూ, ఒళ్లు రుద్దుకుంటూ, చుక్కలు మాత్రం లేకపోతే ఫ్లూక్స్ అనుకోండి. ఇవి ఒంటికి, మొప్పలకు పట్టే చిన్న చదును పురుగులు, బతికున్నంతసేపూ గాజులా పారదర్శకంగా ఉంటాయి. క్రోమిస్ చేప పక్కన ఎర్రటి పుండు పడితే యూరోనీమా కావచ్చు. దానికి ఇంట్లో చేసే వైద్యంతో ఆశ తక్కువ. రెక్క అంచున గోబీపువ్వులా తెల్లటి గడ్డ లేస్తే లింఫోసిస్టిస్ అనే వైరస్, దానికి మందు లేదు, అవసరం కూడా లేదు. శుభ్రమైన నీళ్లు, మంచి మేత ఉంటే దానంతటదే తగ్గుతుంది. ఒక్క కన్నే ఉబ్బితే అది చాలావరకు దెబ్బ.

మైక్రోస్కోపు ఉంటే ఈ అనుమానాలన్నీ కొద్ది నిమిషాల్లో తీరతాయి. చేప పక్కనుంచి కొంచెం జిగురు స్లైడు మీదికి తీసి చూడటమే. ఊళ్లో డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబులో తెలిసినవాళ్లుంటే మొహమాటపడకుండా అడగండి. కడప జిల్లా వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడా అడిగి చూడొచ్చు. చేపను మోసుకుపోవద్దు, జిగురు స్లైడు ఉప్పునీటి చుక్కలో ఆరకుండా చేరితే చాలు. అది కూడా త్వరగా చేరాలి.

మంచినీటి స్నానం: పరీక్షా అదే, ఉపశమనమూ అదే

మందులేవీ చేతిలో లేని రాత్రి చేయగలిగింది ఇది ఒక్కటే. ముదురు రంగు బకెట్లో ఆర్.ఓ. నీళ్లు తీసుకుని, ఎయిర్ స్టోన్ వేసి, వేడి ట్యాంకుతో సమానం చేసి, వంట సోడా చిటికెడు చిటికెడుగా కలిపి పీహెచ్ కూడా ట్యాంకుకు దగ్గరగా తేవాలి. అందులో చేపను నాలుగైదు నిమిషాలు ఉంచాలి. మొదటి నిమిషం కొట్టుకుంటుంది, అది మామూలే. పక్కకు ఒరిగి కదలకుండా పోతే వెంటనే తీసేయాలి. ఫ్లూక్స్ ఉంటే తెల్లగా మారి బకెట్ అడుగున రాలతాయి, నల్ల అడుగు మీద కంటికే కనబడతాయి. వెల్వెట్, బ్రూక్లినెల్లాలకు ఇది నయం చేయదు, మందు తెచ్చేదాకా ఊపిరి తేలిక చేస్తుంది. ఇక్‌కు దాదాపు పనికిరాదు, అది చర్మం లోపలికి దూరి ఉంటుంది.

కాపర్

వెల్వెట్‌కు, ఇక్‌కు రెండిటికీ పనిచేసేది, మనకు అందుబాటులో ఉండేది కాపర్. నా మొదటి ఓటు దీనికే. దానికి ఉన్న పెద్ద గొప్పతనం, నీటిలో ఎంత ఉందో ఇంట్లో కొలవగలగడం.

రెండు రకాలు దొరుకుతాయి. నేరుగా అయానిక్ రూపంలో ఉండే కాపర్‌ను లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉంచాలి. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప చస్తుంది. సన్నటి దారి అది. కీలేటెడ్ కాపర్‌కు (కాపర్‌ను వేరే పదార్థంతో కట్టి ఉంచిన రకం) అంకెలు వేరు, కొన్ని బ్రాండ్లు 2.0 నుంచి 2.5 దాకా చెప్తాయి. కాబట్టి ఒక సీసా మీది అంకెను ఇంకో సీసాకు వాడకూడదు. టెస్ట్ కిట్ కూడా మీ మందు రకాన్ని చదవగలిగేదై ఉండాలి. మొదటిసారి వేసేవాళ్లకు కీలేటెడ్ రకమే నయం, చేపలు దాన్ని కొంచెం బాగా తట్టుకుంటాయి.

కాపర్ నీటిలో ఈదుతున్న పిల్ల పురుగుల్ని మాత్రమే చంపుతుంది, ఒంటిమీద ఉన్నవాటిని ముట్టుకోదు. రెండో రోజు కూడా చుక్కలు ఉన్నాయని డోసు పెంచకండి. పూర్తి మోతాదు చేరిన రోజు నుంచి 30 రోజులు లెక్క. ఇక్ అయితే రెండు మూడు రోజుల మీద మెల్లగా పెంచొచ్చు. వెల్వెట్ అంత సమయం ఇవ్వదు, త్వరగా పూర్తి మోతాదుకు చేర్చాలి.

మన వైపు చీనీ తోటలకు బోర్డో మిశ్రమం కలిపే మైలుతుత్తం ఎరువుల కొట్లో చవగ్గా దొరుకుతుంది. అదీ కాపర్ సల్ఫేటే కదా అని అడిగేవాళ్లు ఉన్నారు. లెక్క చూడండి. మైలుతుత్తంలో నాలుగో వంతు కాపర్. 50 లీటర్ల నీటికి 0.2 మిల్లీగ్రాముల చొప్పున కావాల్సిన కాపర్ మొత్తం 10 మిల్లీగ్రాములు, అంటే 40 మిల్లీగ్రాముల మైలుతుత్తం. వంటింటి త్రాసులో అది కనబడనే కనబడదు. పైగా తోటల సరుకులో ఇంకా ఏమేం కలిసుంటాయో ఎవరికి తెలుసు? వద్దు. భీమవరం వైపు చెరువులకు వాడే ఆక్వా మందుల సంగతీ అంతే, అవి ఎకరాల లెక్కన తయారైనవి.

కాపర్‌ను మెయిన్ ట్యాంకులో ఎప్పుడూ వేయకూడదు. పగడాలు, రొయ్యలు, నత్తలు పోతాయి, రాళ్లు, ఇసుక దాన్ని పీల్చుకుని మోతాదును పాడుచేస్తాయి. హాస్పిటల్ ట్యాంకు అడుగు ఖాళీగా ఉండాలి, దాక్కోడానికి ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ ఎల్బోలు నాలుగు చాలు. ఫిల్టరులోని కార్బన్ తీసేయాలి. కాపర్ నడుస్తుండగా అమ్మోనియా తగ్గించే కండిషనర్లు కలపొద్దు, కొన్ని రకాలు కలిసి కాపర్‌ను మరింత విషంగా మారుస్తాయి. షార్కులకు, రే చేపలకు కాపర్ అసలు పనికిరాదు. పొలుసులు లేని చేపలకు, పొట్టి రకం ఏంజెల్ ఫిష్‌లకు జాగ్రత్తగా ఇవ్వాలి.

ట్యాంకు మార్చడం

ఇక్ అని నమ్మకంగా తేలిన చిన్న చేపకు మందే లేని పద్ధతి ఇది. ఇక్ తిత్తిలోంచి పిల్లలు బయటికి రావడానికి కనీసం మూడు రోజులు పడుతుంది. అంతలోపే, అంటే ప్రతి 72 గంటలకు ముందే, చేపను పూర్తిగా వేరే పాత్రలోకి, కొత్త ఉప్పునీళ్లలోకి మార్చేస్తే రాలిన తిత్తులన్నీ పాత పాత్రలోనే మిగిలిపోతాయి. నాలుగు మార్పులతో 13వ రోజుకు చేప శుభ్రం. వెల్వెట్‌కు ఇది పనికిరాదు.

మన వాతావరణం ఇక్కడ కలిసొస్తుంది. పాత పాత్ర, ఎయిర్ స్టోన్, పైపులు కడిగి పూర్తిగా ఆరబెట్టడమే ఇందులో కీలకం. అనంతపురం ఎండలో రెండు రోజులు మిద్దె మీద పెడితే తడి చుక్క కూడా మిగలదు. కాబట్టి రెండు సెట్లు ఉంటే చాలు, ఒకటి వాడుతుంటే ఒకటి ఎండుతుంది. ఫిల్టరు అక్కర్లేదు, గాలి చాలు. కాపర్ లేదు కాబట్టి అమ్మోనియా కండిషనర్ వాడుకోవచ్చు.

కలిసిరానిది నీళ్లు. 40 లీటర్ల పాత్ర అయితే మొదటిదీ, నాలుగు మార్పులూ కలిపి ఐదు సార్లకు 200 లీటర్ల ఆర్.ఓ. నీళ్లు, అంటే పది క్యాన్లు, ఏడు కిలోల పైచిలుకు మెరైన్ సాల్ట్. ఇంట్లో ఆర్.ఓ. పెట్టుకున్నా మన బోరు నీళ్ల ఉప్పదనానికి ఒక లీటరు మంచివి రావడానికి రెండు మూడు లీటర్లు వృథా పోతాయి. బోర్లు ఎండిపోయే నెలల్లో ఇంట్లోవాళ్ల ముందు అంత నీళ్లు మోరీలోకి వదలడం చేప వైద్యం కంటే కష్టమైన పని. క్లౌన్, గోబీ లాంటి చిన్న చేపకు 20 లీటర్ల బకెట్ సరిపోతుంది, అప్పుడు ఐదు క్యాన్లతో అయిపోతుంది. టాంగ్ లాంటి ఈత చేపను 13 రోజులు బకెట్లో పెట్టడం నాకు నచ్చదు, దానికి కాపరే మేలు. క్యాన్ నీళ్లు కొనేటప్పుడు టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచి చూడండి, ప్లాంటు ప్లాంటుకూ తేడా ఉంటుంది.

ఉప్పు తగ్గించడం

రెండు రోజుల మీద ఉప్పును 1.009కు దించి, నెల రోజులు అక్కడే ఉంచితే ఇక్ చస్తుంది. చేప తట్టుకుంటుంది. ఉప్పు ఖర్చు తక్కువ, మందు లేదు. కాగితం మీద ఇదే అందరికంటే చవక. కాపర్ పడని చేపలకు ఇది నిజంగా మంచి దారి కూడా.

కానీ మన ఊళ్లలో, ముఖ్యంగా ఎండాకాలంలో, దీన్ని నేను చివర్లో పెడతాను. 1.009 అంటే 1.009 మాత్రమే, 1.011కు జారితే పురుగు బతికిపోతుంది. మన పొడిగాలికి, పైన తిరిగే ఫ్యానుకు ఒక్క రోజులోనే నీటి మట్టం దిగి ఉప్పు చిక్కబడుతుంది. రోజుకు రెండుసార్లు ఆర్.ఓ. నీళ్లతో నింపుతూ కూర్చోవాలి. కొలవడానికి ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటరు పనికిరాదు, రిఫ్రాక్టోమీటరే ఉండాలి. అందులోనూ మామూలుగా దొరికేవి 10 నుంచి 30 డిగ్రీల మధ్యే తమంతట తాము వేడికి సర్దుకుంటాయి. మే మధ్యాహ్నం గదే 37 ఉంటే ఆ రీడింగును నమ్మలేం. తెల్లవారుజామున చూడాలి. ఉప్పుతోపాటు పీహెచ్ కూడా పడుతుంది, దాన్నీ వంట సోడాతో నిలబెట్టాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, ఇంట్లో ఎప్పుడూ ఒకరుండే వాళ్లకు అయితే సరే. వెల్వెట్ అనుమానం ఏ మాత్రం ఉన్నా దీని జోలికి పోవద్దు, ఆ జీవి తక్కువ ఉప్పులో హాయిగా బతుకుతుంది.

వేడి పెంచితే పోతుందని గోల్డ్ ఫిష్ పెంచిన అలవాటుతో కొందరంటారు. ఆ తెల్లమచ్చల జబ్బు వేరు, ఇది వేరు. ఇక్కడ వేడి పెంచితే మిగిలేది ఆక్సిజన్ కరువే.

మిగిలిన మందులు

క్లోరోక్విన్ ఫాస్ఫేట్ వెల్వెట్‌కు బాగా పనిచేస్తుంది, కాపర్ పడని చేపలకు కొందరు ఇదే వాడతారు. దీంతో చిక్కు ఒక్కటే: నీటిలో ఎంత మిగిలిందో ఇంట్లో కొలిచే దారి లేదు. ఇది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు. మాత్రల్లో మందుతోపాటు వేరే పదార్థాలూ ఉంటాయి. శుభ్రమైన పొడి నమ్మకమైన చోట దొరికితే తప్ప వద్దంటాను.

బ్రూక్లినెల్లాకు మాత్రం ఫార్మలిన్ స్నానమే దిక్కు. 37 శాతం ఫార్మాల్డిహైడ్ ఉండే ఫార్మలిన్‌ను వేరే పాత్రలో లీటరు నీటికి 0.15 మిల్లీలీటర్ల చొప్పున కలిపి, గట్టిగా గాలి కొడుతూ, అరగంట నుంచి ముప్పావు గంట. ఇది నీటిలోని ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది, నీళ్లు వేడిగా ఉంటే ప్రమాదం ఎక్కువ, కాబట్టి మిద్దె గదిలో మధ్యాహ్నం పూట చేయకండి. మనుషులకు క్యాన్సర్ కారకం. గ్లౌజులు వేసుకుని, ఆరుబయటో కిటికీల దగ్గరో, పిల్లల్ని దూరంగా పెట్టి చేయాలి. సీసా అడుగున తెల్లటి మడ్డి పేరుకుంటే ఆ సీసా పారేయాల్సిందే, ఆ మడ్డి చేపకు మరింత విషం.

ఫ్లూక్స్‌కు ప్రాజిక్వాంటెల్. లీటరుకు 2.5 మిల్లీగ్రాములు, గుడ్లు పొదిగాక వచ్చేవాటి కోసం ఐదు నుంచి ఏడు రోజుల తర్వాత మళ్లీ ఒకసారి. నీటిలో తేలిగ్గా కరగదు, ఓపిగ్గా కలపాలి. కుక్కల నులిపురుగుల మాత్రల్లో ఇది ఉంటుంది గానీ పక్కన ఇంకో రెండు మందులు కలిసుంటాయి, అవి వేయొద్దు. ఇక యాంటీబయాటిక్స్: రెక్కలు కుళ్లుతుంటేనో పుండు ముదురుతుంటేనో తప్ప ముందు జాగ్రత్తగా వేసేవి కావు.

పగడాలకు హాని లేదని చెప్పి మెయిన్ ట్యాంకులో వేయమనే సీసాలు, మేతలో వెల్లుల్లి రసం. ఇవి ఇక్‌ను నయం చేయవు. పగడాలకు, రొయ్యలకు ఏమీ కానంత మెత్తటి మందు ఆ పురుగుకు మాత్రం ఏం చేస్తుంది? వెల్లుల్లి వాసనకు చేప మేత ముట్టుకుంటే సంతోషమే, అంతవరకే.

ఎవరికి ఏది

కొత్త చేప రొప్పుతూ, తినకుండా, ధారలో నిలబడి ఉంటే: ఈ రాత్రే మంచినీటి స్నానం, వెంటనే హాస్పిటల్ ట్యాంకులో కాపర్. ఏ ఊరైనా ఏ నెలైనా ఇదే. అందుకే కాపర్ సీసా, దాని కిట్ చేప కంటే ముందే ఇంట్లో ఉండాలి. కొరియర్ రెండు రోజులు పడుతుంది, వెల్వెట్ ఆగదు. తింటూ తిరుగుతూ చుక్కలు మాత్రం ఉన్న చిన్న చేప, నీళ్లకు ఇబ్బంది లేని ఇల్లు అయితే ట్యాంకు మార్చడం. పెద్ద చేపో, నీటి కరువో, రోజంతా ఆఫీసులో ఉండేవాళ్లో అయితే కాపర్. చలికాలం, చేతిలో మంచి రిఫ్రాక్టోమీటరు, కాపర్ పడని చేప, మూడూ కలిస్తే ఉప్పు తగ్గించడం.

ఏ పద్ధతైనా కరెంటు పోతే గాలి ఆగకూడదు. ఇంటి ఇన్వర్టరు లైనుకు ఎయిర్ పంపు తగిలించండి, అది తినే కరెంటు చాలా తక్కువ. నీళ్లు చల్లబరచడానికి చిల్లర్ లేకపోతే నీటి మీదికి ఫ్యాను పెట్టండి. గాలిలో తేమ తక్కువ కాబట్టి వైజాగ్‌లో కంటే మన దగ్గరే అది బాగా పనిచేస్తుంది. ఆవిరైన మేర ఆర్.ఓ. నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. కాపర్ ట్యాంకులో అయితే మట్టం దిగిన కొద్దీ మందూ చిక్కబడుతుందని మర్చిపోవద్దు.

కొత్త చేపను నేరుగా మెయిన్ ట్యాంకులోకి వదిలేశాక జబ్బు బయటపడితే, ఆ చేప ఒక్కదాన్నే తీసి లాభం లేదు. చేపలన్నిటినీ తీసి వైద్యం చేయాలి, మెయిన్ ట్యాంకును 76 రోజులు చేపల్లేకుండా ఉంచాలి. ఇక్ తిత్తిలోంచి పిల్లలు రావడానికి ఒక్కోసారి 72 రోజులు కూడా పట్టినట్టు నమోదైంది, ఆ పైన నాలుగు రోజులు జాగ్రత్తకు. వల, సిఫాన్ పైపు, చేతులు ఒక ట్యాంకు నుంచి ఇంకోదానికి తడిగా పోకూడదు. ఆ రోజుల్లో రొయ్యలకు, పీతలకు వారానికి రెండు మూడు సార్లు చిటికెడు మేత వేస్తూ ఉండండి. చేపలున్న ట్యాంకులోంచి తెచ్చిన కొత్త పగడమో నత్తో మధ్యలో వేశారంటే మాత్రం 76 రోజుల లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలు.